నాయకుడి నెత్తురు

రూప్‌సింగ్ నాయకుడి నెత్తురు ఎంత గట్టిదో తండాలో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలియకుండా ఎట్లా ఉంటుంది, పొద్దున లేస్తే ఆయనే చెబుతాడు కదా! ములకలపల్లి దాటి అడవిలోకి నాలుగు మలుపులు తిరిగితే వచ్చే ఆ తండాలో వానాకాలం వచ్చిందంటే ఇంటికొకరు ముసుగు తన్ని వణుకుతుంటారు. మలేరియా అక్కడికి చుట్టపుచూపుగా రాదు, కాపురానికే వస్తుంది. అలాంటి చోట అరవై దాటినా రూప్‌సింగ్ ఒక్కనాడు జ్వరంతో మంచమెక్కిన పాపాన పోలేదు.

"దోమ నన్ను కుడితే దానికే జరమొస్తది" అనేవాడు మీసం మీద చెయ్యేసి. "భూక్యా నెత్తురు ఇది. మా తాతలు ఎద్దుల మీద ఉప్పేసుకొని దేశాలు తిరిగిన్రు. గోళీలు మింగుకుంట తిరగలే."

వినేవాళ్ళకు అది కంఠతా వచ్చేసింది. అయినా నాయకుడి మాట కాబట్టి కూర్చుని వినేవాళ్ళు. మధ్యలో లేచిపోయే ధైర్యం ఒక్క రెడ్యాకే ఉండేది. రెడ్యా ఆయనకు బావ, అక్క హీరి మొగుడు, బాణోత్ ఇంటివాడు. ఉత్తినే లేచిపోడు, పోతూ పోతూ ఒక మాట విసిరిపోతాడు. "మా బామ్మర్ది నోటికి జరమొస్తే బాగుండు, తండా రెండు రోజులన్నా సుఖంగ పండుకుంటది."

ఈ బావాబామ్మర్దుల ఎగతాళి ఒకప్పుడు తియ్యగానే ఉండేది. గోప్యా సంగతి జరిగాక అందులో పులుపు చేరింది.

గోప్యా రెడ్యా చిన్న కొడుకు. ఆరేళ్ళ కిందట, వాడింకా బడికి పోయే వయసులో, మలేరియా వస్తే సర్కారు దవాఖానా నుంచి గోళీలు తెచ్చి వేశారు. మొదట చేదువి, తెల్లవి; తర్వాత జ్వరం మళ్ళీ తిరగబెట్టకుండా రోజూ మింగమని చిన్నవి. చిన్న గోళీలు మొదలుపెట్టిన మూడో రోజుకు పిల్లవాడి ఉచ్చ పాలు లేని టీ రంగుకు తిరిగింది. కళ్ళు పచ్చబడ్డాయి. నిలబెడితే కూలిపోయాడు. జీపు కిరాయికి మాట్లాడుకుని భద్రాచలం తీసుకుపోతే అక్కడ రక్తం ఎక్కించి బతికించారు.

బతికాడు సరే, ఎందుకిట్లా అయింది? అవే గోళీలు తండాలో ఎంతోమంది మింగారు, ఎవరికీ ఏమీ కాలేదు. అందుకని నసాబ్ కూర్చుంది. నసాబ్ అంటే తండా పంచాయితీ. తండా అమ్మవారు మేరామా యాడి గుడి ముందు చాపలు వేసుకుని మగవాళ్ళు పగిడీలు చుట్టి కూర్చుంటారు, ఆడవాళ్ళు వెనక నిలబడి వింటారు, ఆఖరి మాట నాయకుడు చెబుతాడు. ఆ రోజు రూప్‌సింగ్ కొత్తగా ఏమీ ఆలోచించలేదు, తండాలో అందరూ ఎట్లా ఆలోచిస్తారో అట్లాగే ఆలోచించాడు. మనిషికి ఇంటిపేరు తండ్రిది, గోత్రం తండ్రిది, నెత్తురు కూడా తండ్రిదే. పిల్లవాడు బాణోత్ వాడు. "బాణోత్ నెత్తురుకు ఈ మందు పడదు" అని తేల్చేశాడు.

నాయకుడు ఒక మాట అని చేతులు దులుపుకున్నాడు గానీ, ఆ మాట బాణోత్ ఇళ్ళలోకి పోయి కూర్చుంది. వాళ్ళలో ఒక్కరూ మళ్ళీ ఆ చిన్న గోళీ ముట్టలేదు. తెల్ల గోళీలతో తగ్గిన జ్వరం నెలా రెండు నెలలు ఊరుకుని మళ్ళీ వచ్చేది. రెడ్యాకైతే మరీను. పత్తి ఏరే రోజుల్లో మంచం మీద వణుకుతూ ఉండేవాడు, మనిషి నలిగి నారైపోయాడు. బాణోత్ పిల్లను అడగడానికి వచ్చిన సంబంధాల వాళ్ళు కూడా నెత్తురు సంగతి ఆరా తీసి మరీ పోయేవాళ్ళు. రెడ్యా అక్కడి నుంచి బామ్మర్దితో మాట్లాడటం మానేశాడు. హీరి తమ్ముడి గుమ్మం తొక్కడం మానేసింది. రూప్‌సింగ్‌కు అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది, కానీ నాయకుడు అన్న మాట నాయకుడే ఎట్లా తీసుకుంటాడు?

ఇక ఆయన బిడ్డ సంగతి. రూప్‌సింగ్‌కు కొడుకు కోటేష్, బిడ్డ సరళ. కోటేష్ కొత్తగూడెంలో బొగ్గుగని ఉద్యోగం చేసుకుంటూ తండ్రి తర్వాత నాయకుడు కావడానికి పగిడీ చుట్టడం నేర్చుకుంటున్నాడు. సరళ చదువుకుంది. "బిడ్డను చదివిచ్చుడంటే పక్కింటి చెట్టుకు నీళ్ళు పోసినట్టే" అని రూప్‌సింగ్ నలుగురిలో అనేవాడు. అంటూనే హాస్టల్లో దింపి వచ్చేవాడు, ఖమ్మంలో డిగ్రీ చేయించాడు, హైదరాబాద్‌లో యూనివర్సిటీ అంటే అక్కడికీ పంపాడు. నీళ్ళు పోస్తూ సణిగే మనిషి ఆయన. ఆ పిల్ల పీహెచ్‌డీలో చేరాక మాత్రం సణుగుడు కూడా పోయింది. బస్సులో కండక్టరు టికెట్ కొడుతుంటే చేయి పట్టుకుని చెప్పేవాడు. "నా బిడ్డ డాక్టరు. సూదేసే డాక్టరనుకున్నవా? సూదులేసేటోళ్ళకి చెప్పే డాక్టరు!"

సరళ చేసే పరిశోధన ఏమిటో ఆయనకు అర్థమైనంత వరకు ఇది: ఒకే మందు ఒకరిని బతికిస్తుంది, ఇంకొకరిని పడగొడుతుంది. తప్పు మందుదీ కాదు, మనిషిదీ కాదు. పుట్టుకతో తెచ్చుకున్న జన్యువుల్లో చిన్న తేడా ఉంటుంది, దాన్ని ముందే కనిపెడితే ఎవరికి ఏ మందు వేయాలో, ఏది వేయకూడదో తెలుస్తుంది. గోప్యాను జీపులో వేసిన రోజు సరళ పక్కనే కూర్చుని వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. ఆ పిల్ల చదువు అక్కడ మొదలైందని తల్లి గోరి ఒక్కతే కనిపెట్టింది.

రెండువేల ఆరులో వానలు పడే ముందు సరళ ఐసు డబ్బాతో తండాకు వచ్చింది. వెంట యేసుదానం వచ్చాడు. యేసుదానం మలేరియా వర్కరు, ములకలపల్లి వాడు. ఇరవై ఏళ్ళుగా వేలు గుచ్చి స్లైడ్లు తీస్తున్నాడు కాబట్టి ఆయన మోపెడ్ చప్పుడు వింటేనే తండా పిల్లలు గడ్డివాముల్లో దాక్కునేవాళ్ళు. సరళ గుడి ముందు నిలబడి అందరికీ చెప్పింది. "కొంచెం నెత్తురిస్తే యూనివర్సిటీకి తీసుకపోయి చూస్త. పేర్లుండవ్, నంబర్లే ఉంటయ్. ఇష్టం లేనోళ్ళు ఇయ్యకున్రి."

ఎవరూ కదల్లేదు. అప్పుడు రూప్‌సింగ్ చాప మీంచి లేచి చొక్కా చేయి పైకి మడిచాడు.

"తియ్యి బిడ్డా! అందరు చూడున్రి రంగు. గిది భూక్యా నెత్తురు, మీ యూనివర్సిటీల గిసుంటిది చూసి ఉండరు."

నాయకుడు ఇచ్చాక భూక్యా మగవాళ్ళు వరుస కట్టారు. మిగతా ఇళ్ళవాళ్ళు వెనక చేరారు. బాణోత్ ఇళ్ళ నుంచి మాత్రం ఒక్క మనిషి రాలేదు. పొద్దు వాలాక సరళ ఒక్కతే రెడ్యా ఇంటికి నడిచింది. రూప్‌సింగ్ ఆగలేక వెనకే పోయి, అక్క ఇంటి కంచె బయట, ఊరికే దారిన పోతూ ఆగినవాడిలా నిలబడ్డాడు.

"మళ్ళ మా నెత్తురుకే పేరు పెడతరా?" లోపల రెడ్యా గొంతు. "మీ అయ్య నసాబ్‌ల పెట్టిన పేరు చాల్లేదా?"

"మామా, ఏదొచ్చినా నీది నీకొక్కనికే చెప్త. నసాబ్‌ల చెప్ప. మా బాపుకు కూడ చెప్ప. మా చదువుకు అది కట్టుబాటు."

"నాయకుడు అడుగుతే?"

"నాయకుడడిగినా చెప్ప."

రెడ్యా చేయి చాపాడు. కంచె బయట నాయకుడు ఆ మాట విని పళ్ళు కొరుక్కున్నాడు. మళ్ళీ తనలో తనే, ఎంత గట్టిగా చెప్పింది నా బిడ్డ అని ముచ్చట కూడా పడ్డాడు. రెండూ నిజమే. ఆ రాత్రికే రెడ్యా వెనక మిగతా బాణోత్ ఇళ్ళవాళ్ళూ చేతులు చాపారు.

సరళ ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కొత్తగూడెంలో రైలెక్కిపోయింది. వానలు వచ్చి పోయాయి. దసరా అయ్యాక ఆ పిల్ల తిరిగి వచ్చిన రోజే రూప్‌సింగ్ చాపలు వేయించాడు. కొత్త పగిడీ చుట్టాడు. భూక్యా నెత్తురు గొప్ప పది మంది ముందు యూనివర్సిటీ నోట వినాలని ఆయన కోరిక.

"చెప్పు బిడ్డా, ఎవరి నెత్తురు ఎట్లుంది?"

"ఇక్కడ చెప్ప బాపూ" అంది సరళ. "ఎవరిది వాళ్ళింటికొచ్చి చెప్త."

నసాబ్‌లో నాయకుడి మాట తీసేయడం అందరూ అదే మొదటిసారి చూడటం, తీసేసింది సొంత బిడ్డ. రూప్‌సింగ్ మొహం మాడిపోయింది. తండాలో ఒక కట్టుబాటు ఉంది. నిజమైన మాట నసాబ్‌లో నిలబడి చెప్పాలి. చెవిలో చెప్పేది చాడీ. చాడీ విన్నవాడు చెప్పినవాడికన్నా చెడ్డవాడు. ఆ పిల్ల మాత్రం ఇల్లిల్లూ తిరిగి, తలుపు దగ్గరికి వేసి, ఒక్కొక్కరికే నెమ్మదిగా చెప్పి, చిన్న గోళీ పడుతుందో పడదో రాసిన కార్డు చేతిలో పెట్టి వచ్చింది. తండ్రి దగ్గరికి వచ్చేసరికి ఆయన చెవులు మూసుకున్నాడు.

"చెప్తే నలుగురిల చెప్పు. చెవుల చెప్తే నేను వినను."

"నలుగురిల నేను చెప్ప బాపూ. నీదైనా సరే."

తండ్రీబిడ్డల పంతం చూసి గోరి తల పట్టుకుంది. ఇద్దరూ ఒకే అచ్చులో పోసినవాళ్ళు, ఒకరిని వంచి ఇంకొకరిని నిలబెట్టడం ఎట్లాగో ఆమెకు అర్థం కాలేదు.

దేవుడు కూడా సరిగ్గా అప్పుడే చమత్కారం చూపించాడు. నాయకుడికి జ్వరం వచ్చింది! అరవై ఏళ్ళలో లేని చలి వచ్చి పళ్ళు టకటకలాడుతుంటే ఆయన దుప్పటి కింద నుంచి "ఇది జరం కాదు, ఎండ దెబ్బ" అన్నాడు. యేసుదానం వేలు గుచ్చి స్లైడు తీసుకుపోయి, మర్నాడు వచ్చి మలేరియానే అన్నాడు. తెల్ల గోళీలు దగ్గరుండి మింగించాడు.

"చిన్న గోళీలు నేనియ్య నాయకా. ఈ తండాల ఎవరికైనా సరళమ్మ ఇచ్చిన కార్డు చూసినాకనే ఇయ్యమని మా డాక్టరు గారు చెప్పిన్రు. మీ కార్డేదీ?"

కార్డెక్కడిది, తీసుకోనిదే! బాణోత్ ఇళ్ళు తప్ప అందరూ కార్డు చూపించి మందు తీసుకుంటుంటే నాయకుడు మాత్రం చేతులు ఊపుకుంటూ ఉన్నాడు. తండాలో గుసగుసలు మొదలయ్యాయి. నాయకుడికి కూడా మందంటే భయమేనట. ఈ మాట తిరిగి తిరిగి ఆయన చెవిన పడ్డాక ఇక ఆగలేకపోయాడు. జ్వరం తగ్గి లేచిన పొద్దున గోరి నిరుడు మింగగా మిగిలిన చిన్న గోళీలు గూట్లోంచి తీసి రుమాలులో కట్టుకున్నాడు, చాపలు వేయమని కబురు పెట్టాడు.

అందరూ వచ్చారు. రెడ్యా కూడా వచ్చి వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. రూప్‌సింగ్ దుప్పటి తీసి పక్కన పెట్టి నిలబడ్డాడు.

"నాకు భయమంటున్నరంట! బాణోత్ నెత్తురుకు పడంది భూక్యా నెత్తురుకు పడతదో లేదో చూడున్రి. మీ అందరి ముందర మింగుతున్న."

"మింగు మరి" అన్నాడు వెనక నుంచి రెడ్యా. ఆరేళ్ళలో బామ్మర్దితో ఆయన అన్న మొదటి మాట అదే. "ఉపన్యాసం ఎందుకు, నీళ్ళు కావాల్నా?"

రూప్‌సింగ్ గోళీ నోటి దగ్గరికి తీసుకుపోయాడు. ఆడవాళ్ళ మధ్య నుంచి సరళ చాపలు తొక్కుకుంటూ వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. నసాబ్ మధ్యలో నాయకుడి చేయి పట్టుకున్న ఆడమనిషి ఆ తండాలో అంతకు ముందు లేదు. అంతా బిక్కచచ్చిపోయి చూస్తున్నారు. రూప్‌సింగ్ చేయి విదిలించాడు, పట్టు ఊడలేదు.

"బాపూ, లోపలికొచ్చి ఒక్క మాట ఇను. ఇన్నాక మింగుతవో పారేస్తవో నీ ఇష్టం. నేను మళ్ళ అడ్డం రాను."  

"నేను చాడీలు వి..."

"ఏంది చాడీ?" గోరి ముసుగు వెనక్కి తోసి ముందుకొచ్చింది. "ఇన్నేళ్ళు చదివింది, నీ చెవుల చాడీలు చెప్పెతందుకా? కండక్టరుకు చెప్పుకునేటప్పుడు డాక్టరు, నీకు చెప్పేటప్పుడు చాడీకోరా? లే, నడువు!"

కండక్టరు పేరు వచ్చేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. రూప్‌సింగ్ గోళీ పిడికిట్లో పెట్టుకునే ఇంట్లోకి నడిచాడు.

లోపల సరళ తలుపు వేసి తండ్రి ముందు నేల మీద కూర్చుంది.

"నీకీ గోళీ పడదు బాపూ. నీ ఎర్రకణాలను కాపాడే పదార్థం ఒకటి నీకు తక్కువుంది. ఉత్తప్పుడు ఏం కాదు, నువ్వు ఇన్నేళ్ళెట్లున్నవో అట్లనే ఉంటవ్. గీ చిన్న గోళీ లోపలికి పోతే మాత్రం కణాలు పగిలిపోతయ్. ఉచ్చ నల్లగైతది."

రూప్‌సింగ్‌కు జీపులో పడుకోబెట్టిన గోప్యా కళ్ళు గుర్తొచ్చాయి. పిడికిలి దానంతటదే విచ్చుకుంది. గోళీ నేల మీద పడి దొర్లింది.

"భూక్యా నెత్తురులనా?" అన్నాడు, మొదటిసారి చిన్న గొంతుతో.

"భూక్యా నుంచి రాలే. ఇది తండ్రి నుంచి కొడుక్కి పోదు బాపూ. మగపిల్లగానికి తల్లి నుంచే వస్తది. నీకు దాదీ ఇచ్చింది."

ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. లోపల లెక్క నడుస్తోంది. తల్లి తనకిచ్చింది. తన తల్లి కడుపునే హీరి కూడా పుట్టింది. హీరి కడుపున గోప్యా పుట్టాడు.

"అయితే అక్క..."

"అత్త సంగతి నేను చెప్ప. గోప్యాది, మామది కూడ చెప్ప. నీది నీకు చెప్పిన, గంతే."

చెప్పాల్సిన పనేముంది? పశువుల జాతి చూసి కొనే ఇంట్లో పుట్టినవాడికి ఆ మాత్రం అర్థం కాదా! ఆరేళ్ళు రెడ్యా మంచం మీద వణికింది ఎవరివల్లో ఆయనకు తెలిసింది. ఆ నెత్తురు తన ఇంటి నుంచే అక్క వెంట అక్కడికి కాపురానికి పోయింది. తను దానికి బావ ఇంటిపేరు పెట్టాడు. సిగ్గుతో ఆయన పగిడీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఎవ్వరికీ తెల్వనక్కర్లే బాపూ" అంది సరళ మెల్లగా. "జరం తగ్గిందని చెప్పి బయటికి పో. మింగకు, గంతే. యేసుదానం అన్నకు కార్డు చూపిస్తే ఆయన నోరు తెరవడు. నీ మాట నీకుంటది."

 సరళ కింద పడ్డ గోళీ ఏరి పక్కన పెట్టి మళ్ళీ అంది. "ఇంకొకటి ఉంది బాపూ. మలేరియా ఎక్కువున్న తావుల్లనే ఇది ఎక్కువ మందికి ఉంటది. ఇది ఉన్నోళ్ళను ఆ జరం అంత తొందరగ చంపలేదని సైన్సోళ్ళు చెప్తరు. జరాలకు మందే లేని కాలంల తట్టుకొని బతికినోళ్ళు పిల్లలకిచ్చి పోయిన్రు. రోగం పేరు పెట్టి చూస్తే లోటు. అట్ల చూస్తే కవచం."

అప్పుడు ఆయనకు తల్లి కనిపించింది. తను పిల్లవాడిగా ఉన్నప్పుడు తండా అంతా జ్వరాలతో పడిపోయిన ఏడు. తండ్రి, బాబాయిలు, భూక్యా వీరులందరూ దుప్పట్ల కింద మూలుగుతుంటే, వాగు నుంచి బిందెల మీద బిందెలు మోసింది ఆ తల్లి ధర్మి ఒక్కతే. ఇల్లిల్లూ తిరిగి జొన్న అంబలి తాగించింది. తండా బతికింది. ఆ ముచ్చట ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు. భూక్యా తాతలు ఎద్దుల మీద ఉప్పు మోసిన కథ మాత్రం తను నోరొచ్చినప్పటి నుంచి చెబుతున్నాడు.

"మా యాడి ఏ ఇంటి బిడ్డ?" అన్నాడు హఠాత్తుగా. ఏడు తరాల భూక్యా తాతల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషికి కన్నతల్లి పుట్టింటి పేరు నోటికి రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ధరావత్" అంది తలుపు అవతల నుంచి గోరి. వింటూనే ఉంది మరి. "పాల్వంచ దిక్కు ధరావత్ ఇంటి బిడ్డ. నేను కోడలుగ వచ్చిన రోజే నాకు చెప్పింది. అడిగినోళ్ళకే కద చెప్తరు."

రూప్‌సింగ్ కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత బిడ్డను చూశాడు.

"నీకు?"

"నాకూ ఉంది" అంది సరళ. "తండ్రికుంటే బిడ్డకు రాక తప్పదు. నువ్వే ఇచ్చినవ్."

ఆయన మోకాలి మీద పగిడీ తీసుకుని విప్పాడు. మొదటి నుంచి మళ్ళీ చుట్టాడు, నిదానంగా, పెళ్ళికి చుట్టుకున్నంత శ్రద్ధగా. తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

నసాబ్ కదలకుండా కూర్చుని ఉంది. రూప్‌సింగ్ నడుము మీద చేయి పెట్టుకుని నిలబడ్డాడు. లోపలికి పోయినప్పటికన్నా రెండు అంగుళాలు ఎత్తు పెరిగినట్టున్నాడు.

"ఇన్రి. నేను భూక్యా రూప్‌సింగ్‌ని. ధరావత్ ధర్మి కొడుకుని."

చాపల మీద తలలన్నీ లేచాయి. నాయకుడు నసాబ్‌లో తల్లి పేరు చెప్పుకోవడం ఎవరూ వినలేదు.

"ఈ గోళీ నాకు పడదు. మింగితే సస్త. ఇది నాకు మా యాడి ఇచ్చింది. మీ అయ్యలు, మీ తాతలు జరాలతోని పండుకున్న నాడు నీళ్ళు మోసిన నెత్తురు ఇది. మీరంత ఇయ్యాల ఇట్ల కూసున్నరంటే ఆమె పోసిన అంబలి తాగిన కడుపుల నుంచి వచ్చిన్రు. నా నెత్తురు గొప్పదని ఇన్నేళ్ళు చెప్పిన, అది అబద్ధం కాదు. ఎవరిదో తెల్వక తప్పు పేరు చెప్పిన." ఆయన వెనక స్తంభం వైపు తిరిగాడు. "బావా! ఆరేండ్ల కింద ఇక్కడనే నిలబడి నీ ఇంటి నెత్తురును అన్న. ఆ మాట తప్పు. ఇక్కడనే తీసుకుంటున్న. బాణోత్ నెత్తురుకు నేనన్న మచ్చ లేదు."

నాయకుడు తన మాట తను తీసుకున్నాడు.  వెనక నుంచి రెడ్యా లేచి, మనుషుల మధ్య నుంచి నెమ్మదిగా నడుచుకుంటూ ముందుకొచ్చాడు. జేబులోంచి చిన్న కార్డు తీసి ఎత్తి చూపించాడు.

"నాకు ఏం లేదని, గోళీ మింగొచ్చని ఈ పిల్ల వచ్చిన రోజే చెప్పింది."

"మరి మింగలేదేంది?" రూప్‌సింగ్ తెల్లబోయాడు.

"ఎట్ల మింగుత? నాయకుడు పెట్టిన పేరు నాయకుడే తియ్యాలె. గోళీ మింగితే జరం పోతది, పేరు పోతదా?" రెడ్యా కార్డు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "నా సంగతి నీ బిడ్డ నీకు కూడ చెప్పలేదంటే నేను నమ్మలే. ఇయ్యాల నీ మొహం చూసినాక నమ్మిన. మాటంటే గా పిల్లది బామ్మర్దీ!"

వెనక ఆడవాళ్ళలోంచి హీరి ఏడుపు వినిపించింది. ఆమె చాపలు దాటి వచ్చి తమ్ముడి మెడ పట్టుకుని, తమ ఆడవాళ్ళు చాలా రోజులకు కలిస్తే రాగం తీసి ఏడ్చినట్టు ఏడ్చింది. ఆ ఏడుపులో తల్లి ధర్మి పేరు కూడా వచ్చింది. రూప్‌సింగ్ అక్క తల మీద చేయి వేసి తనూ ఏడ్చాడు, మీసం తడిసినా పట్టించుకోలేదు. ఉద్రేకం పట్టలేక రుమాలులో మిగిలిన గోళీలన్నీ తీసి బావ చేతిలో పోశాడు.

"మింగు బావా! ఇప్పుడే మింగు!"

"ఓ నాయకా, ఆగున్రి!" యేసుదానం పరుగెత్తుకొచ్చి గోళీలు లాక్కున్నాడు. "నిరుటి గోళీలు అవి! ముందు వేలు గుచ్చాలె, స్లైడు చూడాలె. మీ ఇష్టమొచ్చినట్టు పంచెతందుకు అవి పేలాలా?"

తండా గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే రెడ్యా వేలు చాపాడు, యేసుదానం గుచ్చాడు. అది చూసి బాణోత్ ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే జేబులు, కొంగుముడులు విప్పి కార్డులు తీయడం మొదలుపెట్టారు.

కోటేష్ ఆ పూట సెలవు మీద వచ్చి ఉన్నాడు. తండ్రి పక్కకు చేరి నెమ్మదిగా అడిగాడు. "బాపూ, మరి నాకూ ఉన్నట్టేనా?"

"నా నుంచైతే నీకు రాదురా. తండ్రి నుంచి కొడుక్కి పోదంట. నా ఇంటిపేరు నీకొచ్చింది. నా నెత్తురు నా బిడ్డకొచ్చింది." గుసగుసగా అడిగిన ప్రశ్నకు నాయకుడు తండా అంతా వినేట్టు జవాబు చెప్పాడు. ఆపైన గుర్తొచ్చి సరళ వైపు తిరిగాడు. "చెప్పొచ్చు కద బిడ్డా?"

సరళ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "నా సంగతి చెప్పెతందుకు నేను ఒప్పుకున్న."

రెడ్యాకు పాత నోరు తిరిగొచ్చింది. "ఏం బామ్మర్దీ, బిడ్డ చదువంటే పక్కింటి చెట్టుకు నీళ్ళు పోసినట్టని అనేటోనివి కద. ఇప్పుడేమంటవ్?"

రూప్‌సింగ్ వెనక్కి తిరిగాడు. వెనక నిలబడ్డ బిడ్డను చేయి పట్టుకుని ముందుకు తెచ్చాడు. మగవాళ్ళను కొంచెం జరగమని, తను కూర్చునే చాప మీద, తన కుడి పక్కన కూర్చోబెట్టాడు. తర్వాత తనూ కూర్చుని మీసం మీద చెయ్యేశాడు.

"నీళ్ళు పోసింది మా యాడి బావా. చెట్టు నా ఇంట్లనే ఉంది."